ఉప్పు చారలు

రామగుండంలో ఎండ యాభై డిగ్రీలు దాటాక, చలువ జెల్ పూసుకోకుండా గడప దాటేవాళ్లు లేరు. అది పూస్తే చెమట పట్టదు; చెమటంటే ఏమిటో పిల్లలకు తెలియదు.

గనిలో పనిచేసే ఓదెలమ్మ మాత్రం రెండు నెలలపాటు కూతురు స్రవంతిని జెల్ లేకుండానే పరుగెత్తించింది. పోలీసు ఉద్యోగాల ఎంపిక పరుగు రోజు అందరూ పూసుకుంటుంటే స్రవంతికి భయమేసింది. డబ్బా తీయబోతే తల్లి లాక్కుంది.

"పైకి సల్లగుంటది బిడ్డా, లోపలి ఉడుకు బయటికి పోదు. చెమట పట్టనియ్యి!"

మూడో చుట్టులో ముందున్న నలుగురూ కళ్లు తిరిగి కూలబడ్డారు. తడిసి ముద్దయిన స్రవంతి మొదట గీత దాటింది.

ఇంటికొచ్చాక ఆమె విప్పిన చొక్కా మీద తెల్లటి చారలు చూసి పక్కింటి పిల్ల ఓదెలమ్మను అడిగింది, "ఇదేంది పెద్దమ్మా?"

"ఉప్పు. నా బిడ్డది."

ఓదెలమ్మ ఆ చొక్కా ఉతకలేదు. వీధిలోకి కనబడేలా దండెం మీద వేసింది.