బండ కింది తీగ

వీధి తలుపుకు గడియ పెట్టాలి. అర్రలో ఉన్నవాళ్లకు నీళ్లు అందించాలి. పసిపిల్ల ఏడవకుండా చూడాలి. పొద్దు గూకేలోపు రేడియో పలికించాలి.

మొదటి మూడూ జంగప్ప పెళ్లాం నాగవ్వ చేసింది. నాలుగోది యోబు వల్ల కావడం లేదు.

1948 సెప్టెంబరు. యూనియన్ సైన్యం నిజాం రాజ్యంలోకి దిగింది. తాండూరుకు రైళ్లు రావడం లేదు, పేపర్లూ లేవు. రజాకార్ల భయానికి చుట్టుపక్కల ఊళ్లు సగం ఖాళీ. పట్నంలో చదువు ఆపి వచ్చిన యోబు, విడి సామాను తెచ్చి బిగించిన ఒంటి వాల్వు రేడియో ఒక్కటే జంగప్ప ఇంటికి దిక్కు.

"బీయే చదివెటోనివి, గీ డబ్బాను గుర్రుమనన్న అనిపిస్తలేవు," అంది నాగవ్వ.

"జర ఆగు పెద్దమ్మా."

జంగప్ప తలుపు సందులోంచి కన్ను తీయలేదు. "లడాయి అయిపోయిందా లేదా, అది తెల్వాలె. తెల్వక తలుపు తీస్తే అర్రల ఉన్నోళ్ల పానాలు పోతయి."

యోబు మళ్లీ మొదటి నుంచీ చూశాడు. బ్యాటరీలో దమ్ముంది. వాల్వు వెలుగుతోంది. కప్పు మీది ఏరియల్ తెగలేదు. ఇక మిగిలింది తడి నేలలోకి దిగాల్సిన ఎర్తు తీగ. దాని మేకును పొద్దున నేల బండల సందులో దిగగొట్టాడు. ఇప్పుడు లాగి చూస్తే తడి లేదు, మన్ను లేదు.

"థూ! తాండూరుల బండ కింద బండనే ఉంటది గద!"

తీగ సాగదీసి, స్నానం నీళ్లు పారే జాలారి పక్క బురదలో మేకు గుచ్చాడు. హెడ్‌ఫోను గరగరలాడింది. దాన్ని ఇత్తడి గిన్నెలో పెడితే గొంతు ముగ్గురికీ వినిపించింది.

నిజాం లొంగిపోయాడు. రజాకార్ల మీద నిషేధం.

"అయిపోయింది పెద్దనాయినా! ఇగ ఫికర్ లేదు!" యోబు తలుపు వైపు ఉరికాడు.

జంగప్ప అతని రెక్క పట్టి ఆపాడు.

అప్పటికే వీధిలో కేకలు, డప్పులు. పక్కింటి బీరన్న గొంతు దగ్గరైంది. "ఓ జంగన్నా! ఇంక తలుపేసుకున్నవేందే? మన దినమొచ్చింది, రా!"

"జ్వరమొచ్చింది తమ్మీ. మీరు పోన్రి."

డప్పులు వాకిట్లో ఆగిపోయాయి. ఎవరో కర్రతో తలుపు మీద కొట్టారు.

జంగప్ప రోకలి తెచ్చి గడియకు అడ్డం పెట్టాడు. తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

ఊరిని దోచి పారిపోయిన రజాకారు ఖాదర్ పెళ్లాన్నీ పసిబిడ్డనూ ఆ అర్రలో దాచిన జంగప్పను గుర్తుంచుకోండి.