బయటి నీరు

బొనాల్ వాళ్ల ఇంటి ముందు లారీ ఆగింది. ఇంజను ఆపొద్దని డ్రైవరుకి చెప్పి రుకెట్ దిగాడు. పని ఎంతోసేపు పట్టదని అతని లెక్క.

జేబులో సంతకం లేని ఉత్తరం ఉంది. ‘కొండ మీద ఆఖరి ఇంట్లో ఈ జిల్లాది కాని ప్రాణం ఒకటి తలదాచుకుంది. యూదుల ప్రాణం.’ అంతే రాసి ఉంది.

జర్మన్లు ఈ వైపుకి వచ్చాక ఇది రెండో చలికాలం. లోజేర్ జిల్లా కొండల్లో ఈ లారీ ఎక్కినవాళ్లు ఇప్పటిదాకా ఒక్కరూ తిరిగి రాలేదు.

ఈ పోలీసు పనికి రాకముందు రుకెట్ ఇరవై ఏళ్లు సంతల్లో పశువుల బేరం చేశాడు. అందులో అతను నేర్చింది ఒకటే. అమ్మేవాడు చూపించేదాన్ని చూడకూడదు. దాచేదాన్ని చూడాలి.

తలుపు తోయగానే పొయ్యి దగ్గర కూర్చున్న ఆవిడ గబుక్కున లేచింది. పక్కనున్న పిల్లని తన వెనక్కి లాక్కుంది.

రుకెట్ మనసులో నవ్వుకున్నాడు. సరుకేదో తేలిపోయింది.

ఆవిడ దవడ చుట్టూ గుడ్డ కట్టుకుని ఉంది. మాట్లాడకుండా కాగితాలు చాపింది. యూలాలీ బొనాల్, ముప్పై ఎనిమిదేళ్లు. నొయెలి బొనాల్, పదేళ్లు, అన్న కూతురు. ముద్రలు సరిగ్గానే ఉన్నాయి. ముద్రలదేముంది, ముసలి గుర్రానికి పళ్లు అరగదీసి పడుచుదని అమ్మేవాళ్లని అతను ఎంతమందిని చూడలేదు.

“ఏమ్మా, నోట్లో బెల్లం పెట్టుకున్నావా?”

“అత్తకి పన్ను నొప్పి అయ్యా,” అంది పిల్ల వెనకనుంచే. “మూడు రోజులైంది. నోరు తెరిస్తే ప్రాణం పోతోంది.”

“నోరు కట్టేసుకున్న ఆడమనిషిని ఈ కొండల్లో చూడ్డం ఇదే మొదలు. మీ నాన్నకి ఈ పూట పండగే.”

“నాన్న జర్మనీలో ఖైదులో ఉన్నాడయ్యా. అమ్మ నేను పుట్టినప్పుడే పోయింది.”

బల్ల మీద చేత్తో గీసిన జిల్లా పటం ఉంది. ఊళ్లు, నదులు, ఏ మూల ఏ గాలి వీస్తుందో, అన్నీ సిరాతో రాసి ఉన్నాయి. కాగితం ఆవిడ కుర్చీ వైపు తిరిగి ఉంది. అత్త పాఠం అప్పజెప్పించుకుంటోందన్నమాట. పుట్టిన జిల్లానే ఇంతలా బట్టీ పట్టాల్సిన పనేమిటి?

రుకెట్ పటాన్ని బోర్లించాడు.

“ఇలా ముందుకి రా పిల్లా. పెద్ద ఊళ్లు చెప్పు.”

“మాండ్. మార్వెజోల్. ఫ్లొరాక్. లాంగోన్. సాన్ షెలీ.”

“పుస్తకంలోవి చిలకైనా చెప్తుంది. మంచు ఎప్పటిదాకా పడుతుంది?”

“మే నెలదాకా. కోకిల కూసింది, ఇక పీడా పోయింది అనుకున్నాక ఇంకోసారి పడుతుంది. తాత దాన్ని కోకిల మంచు అనేవాడు.”

“మంచుగాలిలో దారి తప్పితే?”

“కదలకుండా చెవి పెట్టి వినాలి. ఊళ్లో గంట కొడతారు. ఆఖరి మనిషి ఇల్లు చేరేదాకా కొడుతూనే ఉంటారు.”

“దక్షిణాన సున్నపురాతి మెరక మీద పడ్డ వాన ఎటు పోతుంది?”

“నేల తాగేస్తుంది. గొర్రెలకి నీళ్లు నిలవాలంటే గుంట అడుగున బంకమన్ను మెత్తాలి.”

పిల్ల ఒక్కో జవాబు చెబుతుంటే గుడ్డ కింద ఆవిడ పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోంది అనుకున్నాడు రుకెట్. తలుచుకోవాల్సిన సమయమే.

ఎంత పెద్ద బేరంలోనైనా అతను ఒక ప్రశ్న చివరికి అట్టేపెట్టుకుంటాడు.

“బయటి జిల్లాల నుంచి మన జిల్లాలోకి వచ్చే నదులు ఎన్ని?”

ఈ ప్రశ్నకి పట్నం పిల్లలు వేళ్లు మడిచి లెక్కపెడతారు. పోయిన నెల ఒకడు రెండు అన్నాడు. వాణ్ణి లారీ ఎక్కించారు.

నొయెలి పకపకా నవ్వింది. “ఒక్కటీ రాదు. అన్నీ ఇక్కడ పుట్టి బయటికి పోయేవే. బయటి నీరు చుక్క కూడా రాదు.”

“రాకూడదు,” అన్నాడు రుకెట్.

పిల్ల ఈ మట్టిదే. మాట తీరు, ఆ నవ్వు, అన్నీ ఈ కొండవే. ఉత్తరం ఎవడో గిట్టనివాడి పని. ఇరవై ఏళ్లలో దూడని చూసి అతను మోసపోయింది లేదు.

గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

“గురువారం మళ్లీ ఇటే వస్తా యూలాలీ. అప్పటికి పన్ను నెమ్మదిస్తే నీతోనూ నాలుగు మాటలు చెప్పించుకుంటా.”

లారీ ఖాళీగా కొండ దిగింది. దాని చప్పుడు పూర్తిగా అణిగేదాకా ఇద్దరూ కదల్లేదు. తరువాత ఆవిడ దవడకి కట్టుకున్న గుడ్డ విప్పేసి కుర్చీలో కూర్చుంది.

నొయెలి బోర్లించి ఉన్న పటం మీద అరచెయ్యి ఆనించి, “గురువారం ఎంతో దూరం లేదు మేడమ్, మీరు మళ్లీ మాండ్ నుంచి మొదలుపెట్టండి, బతికుంటే మా అత్త ఎక్కడా తడుముకునేది కాదు,” అంది.