చూడి గొర్రె పథ్యం

"చాల్లే, లే!" అంటూ అత్తగారు కోడలి ముందున్న కంచం లాగేసింది. "బిడ్డ బలిస్తే కాన్పు కష్టం. నలుగుర్ని కన్నదాన్ని, నాకు తెలీదా?"

కోడలికి ఏడో నెల. కళ్ళు లోతుకు పోయాయి.

"ఆసుపత్రిలో బాగా తినమన్నారు కదమ్మా. ఇలా మాడిస్తే బిడ్డ దక్కదన్నారు" అని గొణిగాడు కొడుకు.

"వాళ్ళ మాట నా దగ్గర ఎత్తకు!"

దొడ్లో ఉన్న చూడి గొర్రెకీ ఆవిడది అదే శాస్త్రం. నెలలు నిండేకొద్దీ దాణా తగ్గించాల్సిందే. పోయిన ఈతలో రెండు పిల్లలూ చచ్చి పుట్టాయి. అయినా దాని తలరాత అందే తప్ప గుప్పెడు తవుడు పెంచలేదు. ఆ రోజు గొర్రె లేవలేక కూలబడేసరికి మాత్రం ఆవిడ కొడుకుని కేకేసింది.

"ఒరేయ్, పశువుల డాక్టర్ని పిలుచుకు రారా!"

గంటలో కొడుకు ఒక డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, భయం భయంగా గొర్రె కనురెప్ప కిందికి లాగి చూసింది.

"ఒంట్లో రక్తం లేదు. తిండి తగ్గించారా?"

"మరి పిల్ల బలిస్తే..."

"పిల్ల పెరిగేదే చివర్లో. ఇప్పుడు తల్లి కడుపు మాడిస్తే లోపలే పోతుంది. బతికి బయటపడ్డా పాలుండవు."

అత్తగారి మొహం పాలిపోయింది. "ఏం చెయ్యమంటారమ్మా?"

"మూడు పూటలా కడుపునిండా పెట్టండి. మధ్యాహ్నం రెండు గంటలు పడుకోవాలి, ఎడమ పక్కకి తిరిగి."

"గొర్రేనా?"

"గొర్రే. బరువులు ఎత్తనివ్వకండి. సూటిపోటి మాటలు అసలే అనకండి."

అత్తగారు నడుం వంచి, ఆపసోపాలు పడుతూ గొర్రెను ఎడమ పక్కకి దొర్లించింది. "తినమ్మా, నా తల్లివి కదూ" అని తవుడు నోటికి అందించింది. ఉన్నట్టుండి తలెత్తి అడిగింది. "మనుషులకీ ఇంతేనా?"

"ఏ కడుపైనా ఒకటేనండీ."

అత్తగారు గబగబా వంటింట్లోకి వెళ్ళి అన్నం కుప్పగా వడ్డించి కోడలి ముందు పెట్టింది. "గొర్రెల డాక్టరు చెప్పింది. ఇక నోరెత్తకుండా తిను!"

గేటు దాకా సాగనంపి కొడుకు నుదుటి చెమట తుడుచుకున్నాడు. డాక్టరమ్మ వెనక్కి తిరిగి చూసి గొంతు తగ్గించింది.

"వచ్చే వారం మీ ఆవిణ్ణి మా ప్రసూతి వార్డుకి తప్పకుండా తీసుకురండి. అన్నట్టు, గొర్రెలు ఎన్ని నెలలకి కంటాయండీ?"