తరుగు పోను

"నాలుగున్నర లక్షలేనా అమ్మా? ఇంకాస్త పైకి చూడండి" అన్నాడు హనుమంతరావు.

హర్షిణి నవ్వాపుకుంది. తాడేపల్లిగూడెం దాటాక హైవే పక్కన లేచిన ప్రైవేటు యూనివర్సిటీ అది. అడ్మిషన్ల బల్ల దగ్గర ఆ అమ్మాయికి ఉద్యోగం. పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళందరిదీ ఫీజు తగ్గించమనే గొడవే. ఈయన మాత్రం ఫీజు ఊసే ఎత్తడం లేదు.

"అందరూ ఫీజు బేరమాడతారు అంకుల్. మీరేంటి, జీతం బేరమాడుతున్నారు? మా దగ్గర కంప్యూటర్స్ చదివిన వాళ్ళకి మొదటి ఏడాది సగటున వచ్చేది అంతే."

పక్క కుర్చీలో దుర్గారాజు సకిలించాడు. పెంటపాడు వరి రైతు. కూతురి సీటు కోసం వచ్చి, రెండో కాఫీ కూడా తాగేసి, ఇంకా ఎటూ తేల్చుకోలేక కూర్చున్నాడు.

"ఆవిడ చెప్పిన అంకె నమ్మకండి. నాలుగేళ్ళకి ఫీజు పది లక్షలు, హాస్టలుకి నాలుగు. మా బావమరిది కొడుకు ఇలాంటి చోటే చదివాడండీ. ఇప్పుడు రొయ్యల మేత గోడౌన్‌లో బస్తాలు లెక్కపెడుతున్నాడు. పద్దెనిమిది వేలు. ఆ బస్తాలు మోసేవాడికి ఇరవై రెండు!"

"అంకుల్, నేను ఇక్కడే ఉన్నానండీ" అంది హర్షిణి.

"ఉండమ్మా, నీ ఉద్యోగం నువ్వు చేస్కో. నా పొలం గురించి నేను చూసుకోవాలి కదా."

హనుమంతరావు మొహం ఎర్రబడింది.

"అలా తీసిపారేయకండి రాజుగారూ. అందరూ ఒక్కలాగే ఉంటారా? బుర్రున్న కుర్రాడికి ఎందుకు రాదండీ జీతం?"

"కొంపదీసి మీరు ఈ కాలేజీ ఏజెంటా ఏంటండీ?"

ఏజెంటు కాదు. ఆకివీడు దగ్గర వేరేవాళ్ళ చేపల చెరువుకి కాపలాదారు. గట్టు మీద రేకుల షెడ్డు, అదే ఇల్లు. అలాంటివాడు వచ్చి పద్నాలుగు లక్షల చదువు గురించి అడిగితే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆ హాల్లో ఉన్న సోఫాల ఖరీదు చాలు, అతని షెడ్డు లాంటివి నాలుగు కట్టుకోవచ్చు.

"ఒకాయన అన్నాడమ్మా" అన్నాడు హర్షిణి వైపు తిరిగి. "మావాడు ఎంత చదివినా చివరికి చెరువు మీద కూలీయేనట. సెలవుల్లో వాడు నాతోపాటు వల లాగేవాడు, ఆయన అది పట్టుకున్నాడు. పదిమందిలో అన్నాడు. ఆయన నోరు మూయించాలి. అందుకే అడుగుతున్నాను."

"మరి బాబుని తీసుకురాలేదా?"

"లేదమ్మా."

అతని అవతలి పక్కన కూర్చున్న భార్య గంగారత్నం ప్లాస్టిక్ కవరులోంచి ఇంటర్ మార్కుల మెమో తీసి బల్ల మీద పెట్టింది. చెమట తగలకుండా దాన్ని పమిటతోనే పట్టుకుని పెట్టింది.

హర్షిణి కళ్ళు పెద్దవయ్యాయి. "తొమ్మిది వందల అరవై రెండా! పోయినేడాది పాసయ్యాడే. గ్యాప్ వచ్చిందా అంకుల్?"

"వచ్చిందమ్మా."

"పర్వాలేదు, చాలామందికి వస్తుంది."

హనుమంతరావు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఈ నాలుగున్నరలో తరుగు ఎంతుంటుందమ్మా?"

"తరుగంటే?"

దుర్గారాజు గట్టిగా నవ్వాడు. "చేపలు తూచేటప్పుడు నీళ్ళకనీ ఐసుకనీ క్వింటాలుకి ఇన్ని కేజీలని కొనేవాడు తీసేస్తాడమ్మా. అది పోను మిగిలినదానికే డబ్బు. చేతికొచ్చేది ఎంతని అడుగుతున్నాడాయన."

"ఓ... నెలకి ముప్పై రెండు వేల దాకా వస్తుంది అంకుల్."

"పెళ్ళికాని కుర్రాడు అందులో తన తిండికీ గదికీ ఎంత వాడుకుంటాడు?"

"హైదరాబాద్‌లో అయితే సగం పోయినట్టే."

"మాకూ సగం తీసేస్తారనే చెప్పారు" అన్నాడు నెమ్మదిగా. "మరి ముప్పై ఏళ్ళు వచ్చేసరికి?"

"కష్టపడితే ఏడాదికి పదిహేను లక్షలు దాటొచ్చు. మా పాత స్టూడెంట్స్ ఉన్నారు అలా. నిజంగా అంకుల్, ఇంత దూరం ఆలోచించే ఫాదర్‌ని నేను చూడలేదు."

"అదంతా కాగితం మీద రాసి, స్టాంపు వేసి ఇవ్వండమ్మా."

"అప్లికేషన్ ఫీజు కడితేనే ఇవ్వమన్నారండీ. పన్నెండు వందలు."

హనుమంతరావు జేబులోంచి నోట్లు తీశాడు. దుర్గారాజు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏవండీ, తొందరపడకండి. మీ మంచికే చెబుతున్నాను. పెట్టినదంతా నీళ్ళపాలైతే ఏం చేస్తారు?"

హనుమంతరావు ఆ చేతిని మెల్లగా పక్కకి జరిపాడు.

హర్షిణి కంప్యూటర్లో పేరు కొట్టింది. హేమంత్‌కుమార్. పుట్టిన తేదీ అడిగింది. ఊరు అడిగింది.

"హాస్టలు ఏసీయా, నాన్ ఏసీయా?"

హనుమంతరావు భార్య వైపు చూశాడు.

"వాడికి ఏసీ పడదమ్మా" అంది గంగారత్నం. వచ్చినప్పటి నుంచి ఆవిడ నోరు విప్పడం అదే మొదటిసారి. "జలుబు చేస్తుంది."

హనుమంతరావు కిటికీలోంచి బయటికి చూశాడు. బస్సుల దగ్గర పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ నవ్వుకుంటున్నారు.

ప్రింటర్లోంచి కాగితం వచ్చింది. హర్షిణి దాని మీద గుండ్రటి స్టాంపు వేసి ఇచ్చింది.

"ఈసారి వచ్చేటప్పుడు బాబుని తీసుకురండి అంకుల్. ఇంత తెలివైన అబ్బాయిని చూడాలనుంది."

"సరేనమ్మా" అన్నాడు హనుమంతరావు. కాగితాన్ని మెమోతోపాటు ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు.

హేమంత్‌ని గుద్దేసిన చేపల లారీ తరఫు లాయరు, ఆ కుర్రాడు బతికున్నా చెరువు కూలీయే అయ్యేవాడని, నష్టపరిహారం ఆ కూలి లెక్కనే కట్టాలని ఏలూరు కోర్టులో అన్న రోజు నుంచీ అతను ఆ కాగితం కోసమే తిరుగుతున్నాడు.