సూది దిగే వేళ

“వద్దు బిడ్డా, నన్ను ఇడిశిపెట్టుండ్రి. గీ సూది నాతోటి గాదు. సస్తే సస్త గని మల్ల రాను.”

బుచ్చమ్మ మంచం దిగబోయింది. లీలాకుమారి ఆమె భుజం పట్టుకుని ఆపింది. రహమత్ నగర్ నుంచి వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు వచ్చే మనిషి ఆమె. దబ్బనాల్లాంటి సూదులు రెండు ముంజేతిలో దిగుతాయన్న తలపుకే ముందురోజు నుంచి అన్నం సహించదు.

“ఒక్కసారి నన్ను నొక్కనివ్వమ్మా. ఈ రెండో చేతి మీద. బాధ తగ్గుతుంది.”

“సూది గా చేతికి, నొక్కుడేమో గీ చేతికా? నేనేమన్న ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకెల్లి ఒచ్చిన్నా?”

పక్క మంచాల మీద ఇద్దరు నవ్వారు. లీల చెయ్యి వెనక్కి తీసుకుంది.

జూబ్లీహిల్స్‌లోని ఆ చిన్న ఆసుపత్రిలో 1993 నాటికి డయాలిసిస్ యంత్రాలు నాలుగే. లీల అక్కడ నర్సు కాదు. ఆక్యుప్రెషర్ నేర్చుకుని, నెల రోజులు ప్రయత్నించి చూస్తానని డాక్టర్ సుబ్రహ్మణ్యాన్ని బతిమాలుకుని వచ్చింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మీద గట్టిగా నొక్కి పట్టుకుంటే సూది బాధ తగ్గుతుందని ఆమె గురువు చెప్పాడు. ఆమె నమ్మింది. నమ్మినవాళ్లు ఇంకెవరూ లేరు.

మూడోవారం డాక్టరు ఆమెను పక్కకు పిలిచాడు.

“ఇరవై రోజులైంది లీలా. ఒక్క పేషెంటు కూడా రిలీఫ్ ఉందనలేదు. శనివారంతో ఆపేద్దాం.”

“ఇంకొక్క నెల చూడండి సార్. మా అమ్మ ఈ సూది పడలేకే డయాలిసిస్ మానేసింది. పదకొండో రోజున పోయింది. బుచ్చమ్మగారూ అదే దారిలో ఉన్నారు.”

“సింపతీ వేరు, ట్రీట్‌మెంట్ వేరమ్మా.”

వాళ్లు మాట్లాడుకుంటున్నది మొదటి మంచం పక్కన. దాని మీద హనుమంతు కళ్లు మూసుకుని పడుకున్నాడు. ఫైట్ మాస్టరు. మద్రాసులోనూ ఇక్కడా కలిపి పాతికేళ్లు హీరోల బదులు మేడల మీంచి దూకిన మనిషి. లీల ఎప్పుడడిగినా, “నాకెందుకమ్మా, దెబ్బలు తిన్న ఒళ్లు. వాళ్ల సంగతి చూడు” అని పంపేసేవాడు.

శనివారం ఆయనే కేకేశాడు.

“లీలమ్మా! ఇలా రా తల్లీ. ఈ పూట నావల్ల కావడం లేదు. కాస్త నొక్కు.”

లీల పరుగున వెళ్లి ఆయన కుడిచెయ్యి అందుకుంది. టెక్నీషియన్ ఎడమ ముంజెయ్యి తుడిచి సూది తీశాడు. ఆ క్షణంలో అందరూ మొహం తిప్పుకుంటారు. హనుమంతు మాత్రం రెప్ప వేయకుండా సూదినే చూస్తున్నాడు. ఎంత గుండె నిబ్బరమో అనుకుంది లీల. సూది దిగగానే ఆయన పళ్లు బిగించాడు. ఆమె ఇంకా గట్టిగా నొక్కింది. రెండోది దిగింది. ఆయన మొహం మెల్లగా తేటపడింది.

“అరె! చీమ కుట్టినట్టయినా లేదే!” హాలంతా వినపడేలా అన్నాడు. “ఇన్నాళ్లూ పొగరుకు పోయి ఊరికే నొప్పి పడ్డాను.”

పక్క మంచం మీంచి బుచ్చమ్మ తల ఎత్తింది. “నిజంగనా మాస్టరూ? నొప్పి తెల్వలేదా?”

“నా మీద ఒట్టు.”

బుచ్చమ్మ కాసేపు ఆయన్నే చూసి, చెయ్యి లీల ముందుకు చాపింది. సూది దిగుతుంటే మూలిగింది. కానీ మంచం దిగలేదు. మరో వారానికి, “జర తక్కువనే ఉన్నది బిడ్డా” అంది. డాక్టరు ఇంక ఆపే మాట ఎత్తలేదు.

వానాకాలంలో ఒకరోజు బస్సు దొరక్క లీలకు ఆలస్యమైంది. మెట్లెక్కుతుంటే హనుమంతు అరుపు కింది అంతస్తుకు వినపడింది. “నీకు దణ్ణం పెడతాను, లీలమ్మ వచ్చేదాకా ఆగరా నాయనా!” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తరవాత ఏ రోజూ ఆలస్యం చేయలేదు.

డిసెంబరులో మొదటి మంచం ఖాళీ అయింది. హనుమంతు గుండె ఇంట్లోనే ఆగిపోయిందట.

పదో రోజు దాటాక లీల వాళ్లింటికి వెళ్లింది. ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే దారిలో రెండు గదుల ఇల్లు. ఆయన భార్య సీతామహాలక్ష్మి చాప వేసి కూర్చోబెట్టింది.

“నీ పేరు తలవని రోజు లేదమ్మా. లీలమ్మ వల్ల ఆ బుచ్చమ్మ బతికిందని ఎంత సంబరపడేవారో.”

“మాస్టరుగారిని బతికించుకోలేకపోయాం కదండీ” అంది లీల. “సూది దిగుతున్నప్పుడు ఆయనకు నొప్పి తెలియకుండా చూశాను. నాకు మిగిలిన తృప్తి అదొక్కటే.”

సీతామహాలక్ష్మి అర్థం కానట్టు చూసింది.

“సూదులు ఎడమ చేతికే కదమ్మా వేసేవారు?”

“అవునండీ.”

“అయితే నీకూ చెప్పలేదన్నమాట. తెలిస్తే షూటింగులకు పిలవరని, అప్పట్లో ఎవరికీ చెప్పనిచ్చేవారు కాదు.”

“ఏ సంగతండీ?”

“ఆ చేతికి స్పర్శ పోయి తొమ్మిదేళ్లయిందమ్మా.”