మావయ్య ఫేడర్

"అమ్మా ప్రసన్నకుమారీ, ఆ పెట్టి ఆపెయ్. ఈ పాటకి ఒట్టి తబలా చెయ్యే వినపడాలి."

సంఘ పెద్ద జ్ఞానప్రకాశం ఆ మాట మైకులోనే అన్నాడు, చర్చి నిండా ఉన్న జనం వినేటట్టు.

కీబోర్డు ముందు కూర్చున్న ప్రసన్నకుమారి తలెత్తింది. "ఏ పెట్టండీ?" అంది, తెలియనట్టు.

"అదేనమ్మా, ఆ లైట్ల పెట్టి. కోత పండక్కి అమలాపురంనించి అయ్యగారొచ్చేరు. మీ మావగారి చెయ్యి ఆయనకి చూపిద్దాం." జ్ఞానప్రకాశం పాస్టరు అయ్యగారి వైపు తిరిగాడు. "వానల్లో ఈ మత్తయికి చెయ్యి వణికిపోయేదండీ. పాట ఓ చోట, దెబ్బ ఓ చోట. తబలా మానిపించేద్దామని నేనే అన్నానండీ. ఆనక మనసొప్పక ఉపవాసం ఉండి ప్రార్థన చేసేను. ఇప్పుడు వినండి, గడియారమే!"

జనం చప్పట్లు కొట్టారు. మానిపించేద్దామన్న నోటితోనే సాక్ష్యం చెప్పుకోవడానికి పెద్దమనిషికి ఏమీ అడ్డు రాలేదు.

ఆ గడియారం ఎక్కడుందో ప్రసన్నకుమారి ఒక్కదానికే తెలుసు. కీబోర్డు పక్కన పలకంత పెట్టె. దాని మీద వరసగా పదహారు మీటలు. వెలిగించిన మీట దగ్గర దెబ్బ పడుతుంది, ఆర్పేసిన మీట దగ్గర పడదు. ఒక ఎర్ర లైటు ఎడమనించి కుడికి ఒక్కో మీటా దాటుకుంటూ పోయి, చివరికెళ్లి మళ్లీ మొదటికొస్తుంది. పెట్టెకి సొంత గొంతు లేదు. అది హుకుం పంపుతుంది, కీబోర్డు తబలాలా మోగుతుంది. మీటల కింద, పైకీ కిందికీ జరిగే ఫేడర్లు. పాడేవాళ్లకొకటి, కీబోర్డుకొకటి, పెట్టె దెబ్బకొకటి. అన్నిటికన్నా చివరిదాని మీద ప్లాస్టరు ముక్క అంటించి 'మావయ్య' అని రాసుకుంది. మత్తయి తబలాల ముందున్న మైకుని పెంచేదీ తగ్గించేదీ అదే. వానలప్పటినించీ ఆ ఫేడర్ అట్టడుగునే ఉంది.

పెట్టె తెచ్చిన రోజున, "మీరు వాయించండి మావయ్యగారూ, అది మీకు తోడుగా వస్తాది" అని చెప్పింది. మత్తయి దాన్నీ, ఆమెనీ కాసేపు చూసి, "ఆయ్, అలాగేనమ్మా" అన్నాడు. ఆ ఆదివారంనించీ పాడేవాళ్ల వెనక చాప మీద కూర్చుని తల ఊపుతూనే ఉన్నాడు. ఆమెకి కనపడేది ఆ నెరిసిన తలా, కదిలే భుజాలూ మాత్రమే. ఆరాధన అయ్యాక జనం ఆయన్ని పట్టుకుని "భలే కుదిరిందండీ చెయ్యి!" అనేవారు. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక ఆమె వంగి వైర్లు చుట్టుకుంటూ ఉండేది. అత్తగారు పోయాక ఆ మనిషికి మిగిలింది ఆ చాపొక్కటే. దాని మీదనించి కూడా లేపేస్తే ఎక్కడ కూర్చుంటాడు?

"పాడేవాళ్లు కొంచెం పక్కకి జరగండర్రా. అయ్యగారికి చెయ్యి కనపడొద్దా?" అన్నాడు జ్ఞానప్రకాశం.

పెట్టె ఆపి మావయ్య ఫేడర్ ఎత్తితే ఆ వణుకు ఊరంతా వింటుంది. ఎత్తకపోతే ఏమీ వినపడదు. ప్రసన్నకుమారి కొంగు సర్దుకుంటున్నట్టు దాన్ని లైట్ల మీదికి జార్చింది. కొంగు కింద వేలితో పెట్టెని నడిపే మీట నొక్కింది.

పాట అందుకున్నారు. స్పీకర్లలోంచి తబలా మోగింది, ఒక్క దెబ్బ తప్పకుండా.

"విన్నారాండీ!" అన్నాడు జ్ఞానప్రకాశం పొంగిపోతూ.

అయ్యగారు వినడం లేదు, చూస్తున్నారు. పాడేవాళ్లు జరిగిన సందులోంచి అందరికీ కనపడుతోంది. మత్తయి వాయించడం లేదు. తబలాలు రెండూ చెరో చంకలో ఇరికించుకుని లేచి నిలబడ్డాడు. తబలా మోగుతూనే ఉంది. ఆయన నడిచొస్తున్నాడు. ఒక్కో గొంతే ఆగిపోయి పాట చచ్చిపోయింది. తబలా మాత్రం మోగుతూనే ఉంది.

"మరి వాయించేదెవరండోయ్?" అన్నాడు వెనకనించి ఎవడో. నవ్వులు.

ప్రసన్నకుమారి కొంగు లాగేసింది. ఎలాగో పెట్టె ఆపింది.

ఆరాధన బల్ల ముందు జనం పండగ కానుకలుగా తెచ్చి పెట్టిన వడ్ల బస్తాలు, అరటి గెలలు, ఐసు పెట్టెలో రొయ్యలు. మత్తయి వాటి మధ్య కాస్త చోటు చేసి తబలాలు కింద పెట్టాడు. చేతులు వణుకుతున్నాయి, దాచుకోలేదు.

"ఏవిటయ్యా ఇది?" అన్నాడు జ్ఞానప్రకాశం.

"నా కానుకండీ. చెయ్యి కుదరలేదండీ, కుదరదు కూడానూ. మీరు నన్ను మెచ్చుకుంటే ఊరుకున్నానండీ. దేవుడి మీద పెట్టి చెబుతుంటే ఊరుకోలేకపోయాను."

ప్రసన్నకుమారి పరుగున వచ్చి ఆయన పక్కన కూలబడింది. "తప్పు నాదండీ మావయ్యగారూ. మిమ్మల్ని మోసం చేసేను. మీరు వాయిస్తన్నానని సంబరపడుతున్నారు గదా అని..."

"లేమ్మా, అందరూ చూస్తన్నారు."

"నిజం చెప్పండి. మీకెప్పుడు తెలిసిందండీ? ఇప్పుడేనా?"

మత్తయి ఆమె మీదికి వంగాడు. ఆమె తల మీద చెయ్యి వెయ్యబోయి, వణుకు చూసుకుని వెనక్కి తీసుకున్నాడు.

కళ్లు తుడుచుకుని ప్రసన్నకుమారి తబలాల వైపు చూసింది. వానల్లో పట్టిన బూజు రెండు తోళ్ల మీదా తెల్లగా పరుచుకుని ఉంది, ఒక్క వేలి గుర్తయినా లేకుండా.