గీత దాటిన డబ్బా

డబ్బాలో ఆయిలు గీత దాటింది.

లారీ సావుకారు శంకరప్ప కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూశాడు. డ్రైవరు మాణిక్ మాత్రం వంగలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇది మొదటిసారి. ఇంకో రెండుసార్లు గిట్లనే దాటితే బండి అమ్మేస్త," అన్నాడు శంకరప్ప. "ఈ వయసుల దానికి ఇంజన్ పని చేయించుడు నాతోని కాదు."

అరవై ఆరు మోడలు లారీ అది. జహీరాబాద్ నుంచి బొంబాయికి అల్లం మోస్తుంది. కొన్ననాటి నుంచి, అంటే పంతొమ్మిదేళ్లుగా, మాణిక్ తప్ప దాన్ని ఎవరూ నడపలేదు. ఇంజన్ పక్కన బ్రీదర్ పైపు ఉంటుంది. ఇంజన్ ఊపిరి వదిలే గొట్టం అన్నమాట. లోపల రింగులు అరిగితే అందులోంచి పొగతో పాటు ఆయిలూ కారుతుంది. శంకరప్ప దాని కింద ఒక పాలపొడి డబ్బా కట్టించి, లోపల మేకుతో గీత గీశాడు. ప్రతి సోమవారం సాయంత్రం గోదాము ముందు డబ్బా విప్పి చూడటం ఆయన పద్ధతి. ఆయన మెకానిక్కులను నమ్మడు. గీతను నమ్ముతాడు.

బండి పోతే మాణిక్ సీటు పోతుంది. యాభై ఎనిమిదేళ్ల డ్రైవరుకు స్టీరింగు అప్పగించే సావుకారు ఈ రోడ్డు మీద ఇంకొకడు లేడు. ఇంట్లో మంచం మీద కూర్చుని ఏం చేయాలో అతనికి తెలియదు. తలచుకుంటేనే భయం వేసింది.

అసలు ఈ మధ్య రోడ్డే బాగాలేదని అతని గట్టి అభిప్రాయం. పోయిన నెల చిరాగ్‌పల్లి దగ్గర బడి పిల్లలు నేరుగా టైరు ముందుకే వచ్చారు. జానెడు దూరంలో బండి ఆగింది. "మట్టి రంగు బట్టలు కుట్టిస్తే పోరగాండ్లు ఎట్ల అవుపడ్తరు?" అని ఆ రోజు ఇంటికొచ్చి భార్య భాగీరథితో కోపంగా చెప్పాడు. ఆమె రొట్టె చరుస్తూ విన్నది.

రెండో సోమవారం మాణిక్ తెలివి ఉపయోగించాడు. వచ్చే దారిలో బండి ఆపి, డబ్బాలో సగం రోడ్డు పక్కన ఒంపేశాడు. మధ్యాహ్నానికి ఎప్పటిలాగే ఇంటి ముందు లారీ పెట్టి, స్నానం చేసి తినడానికి కూర్చున్నాడు. భాగీరథి ట్రాక్టరు షెడ్డులో అడిగి తెచ్చిన కాలిన ఆయిలు క్యాను వాకిట్లో దించి వచ్చింది. దర్వాజకు చెదలు పట్టాయి, ఆయిలు పూస్తే పోతాయని వారం వారం తెస్తోంది.

"మడ్‌గార్డుకు సొట్ట ఏంది?" అని అడిగింది.

"రోడ్డోళ్లు మైలురాయిని ముందుకు జరిపిన్రు."

"మైలురాయినా?"

"ఆఁ. పనిలేనోళ్లు."

ఆమె ఇంకో రొట్టె వేసింది. అతను తిని పడుకున్నాడు.

సాయంత్రం డబ్బాలో ఆయిలు గీతకు రెండు వేళ్లు పైకే ఉంది.

మాణిక్ డబ్బాలో వేలు ముంచి చూసుకున్నాడు. సగం ఒంపేశానని చెప్పే వీలు లేదు. శంకరప్పే పోశాడేమో అనుకుందామంటే, డబ్బా తన ముందే విప్పారు.

మెకానిక్ చెన్నబసప్పను పిలిపించారు. ఇంజన్ నడిపించి, బ్రీదర్ ముందు అరచెయ్యి పెట్టి చూశాడు.

"పొగ లేదు సావుకార్. రింగులు మంచిగనే ఉన్నయ్."

"మరి ఆయిలు?"

"ఆయిలైతే ఉన్నది," అన్నాడు చెన్నబసప్ప. ముప్ఫై ఏళ్ల అనుభవంలో అంతకు మించి దొరకలేదు.

మూడో సోమవారం మాణిక్ డబ్బా మొత్తం ఒంపేసి గుడ్డతో తుడిచాడు. ఊళ్లోకి రాగానే మళ్లీ వేలు పెట్టి చూశాడు. తడి లేదు. ఇంటి ముందు బండి ఆపి బానెట్ నిమిరాడు.

"జర ఈ ఒక్క పూట ఆపుకో బిడ్డా."

తిన్నాడు. పడుకున్నాడు. సాయంత్రం డబ్బా నిండి శంకరప్ప పంచె మీద ఒలికింది.

అప్పుడు అర్థమైంది మాణిక్‌కు. నడిచేటప్పుడు కాదు, నిలబడ్డాక కారుతోంది. అంటే ఇంజన్ చివరి దశలో ఉంది. దానికి ఆఖరి రోజుల్లో విశ్రాంతి ఇవ్వకుండా తిప్పానే అని బాధపడ్డాడు.

లారీని న్యాల్‌కల్ ఊరి రామ్‌కిషన్ కొన్నాడు. మాణిక్ గోదాము గేటు దగ్గర నిలబడి చాలాసేపు చెయ్యి ఊపాడు. బండి అప్పటికే మలుపు తిరిగింది. ఆ రాత్రి అతను అన్నం ముట్టలేదు.

మూడు నెలలకు రామ్‌కిషన్ బజారులో కలిశాడు.

"మాణికన్నా, ఇంజన్ బంగారమే. డబ్బా ఒక్కనాడు గూడ నిండలే. తీసి పారేసిన."

మాణిక్ ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"నా చేతుల గట్ల ఏడ్చింది. వాని చేతుల మంచిగ నడుస్తున్నదట," అన్నాడు భాగీరథితో.

"కొత్త చెయ్యి గద. ఫికర్ చెయ్యకు," అందామె, చాయ్ అతని వేళ్లకు తగిలేలా అందిస్తూ.

అతను చాయ్ తాగి కాస్త తేరుకున్నాడు. ఎదురుగా ఉన్న దర్వాజ వైపు చూశాడు.

"పోనీ, నీ దర్వాజన్న బాగుపడ్డది. గన్ని క్యాన్ల ఆయిలు పూసినవ్, ఇగ చెదలు దాని జోలికి రావు."

ఒక్క చుక్క ఆయిలు కూడా ఎరగని ఆ దర్వాజ మీద చెదలు గడప నుంచి పైదాకా లావుపాటి మట్టి గీతలు కట్టుకుంటూ పోయాయి, నాలుగడుగుల దూరంలో కూర్చున్న మాణిక్‌కు ఒక్కటీ కనబడలేదు.